చావు కబురు గ్రూపులో పెడితే సరిపోతుందా? మన సీమలో కబుర్లు నడిచిన దారులు

పెన్నేటిగట్టు · జమ్మలమడుగు · ఆదివారం ఉదయం 8:12

పోయిన వారం మా వీధిలో ఒక పెద్దామె కాలం చేసింది. ఇంటివాళ్ళు బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టి, దహనం ఎన్ని గంటలకో రాశారు. కాసేపట్లోనే వరసగా దండాల బొమ్మలు వచ్చి పడ్డాయి. అయితే ఆమె సొంత చెల్లెలు మైలవరం పక్కన ఒక పల్లెలో ఉంటుంది. ఆమెది బటన్ ఫోన్. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంకెవరో చెప్పి ఉంటారులే అని అందరూ అనుకున్నారు. మరుసటి రోజు పాలు పోసే పిల్లోడి నోట విని, ఏడుస్తూ బస్సెక్కి వచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది. "నాకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదా?" అని ఆమె అడుగుతుంటే ఎవరి దగ్గరా జవాబు లేదు.

మా చిన్నతనంలో ఇలాంటి కబురు చెప్పడానికి మనిషిని పంపేవాళ్ళు. ఏ పల్లెలో ఎవరెవరికి చెప్పాలో పెద్దవాళ్ళు ముందే లెక్క చెప్పి పంపేవాళ్ళు. ఆ మనిషి వాకిట్లోనే నిలబడి విషయం చెప్పి, తర్వాతి ఊరికి సాగిపోయేవాడు. ఆలస్యమయ్యేది నిజమే. కానీ ఒక ఇల్లు తప్పిపోవడం అరుదు.

మీ ఊళ్ళలో ఎట్లా ఉండేది, ఇప్పుడెట్లా ఉంది? కార్డు, తంతి (టెలిగ్రాం), ట్రంకాల్, క్యాసెట్, ఎస్టీడీ, ఎస్సెమ్మెస్, వీడియో కాల్... మీకు తెలిసింది రాయండి. ఏ కబురు ఏ దారిలో పోవాలో కూడా మాట్లాడుకుందాం.


హిందూపురం_కుర్రోడు · ఆదివారం 8:40

అన్నా, జరిగింది బాధాకరమే. కానీ గ్రూపును తప్పు పట్టడం సరి కాదు. మా పెదనాయన పోయినప్పుడు ఆయన కూతురు సౌదీలో ఉంది. గ్రూపులో చూసిన నిమిషంలో ఫోన్ చేసింది. టికెట్ దొరకలేదు. వీడియో కాల్‌లోనే తండ్రిని చివరిసారి చూసుకుంది. మనిషిని పంపే కాలంలో అయితే ఆమెకు దినం అయ్యాక కూడా తెలిసేది కాదు. వేగం అందరికీ ఉపయోగమే.


గుంతకల్లు_జంక్షన్ · ఆదివారం 9:55

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఎక్కువ కాలం ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైలు తపాలాలో చేశాను. ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా రోజుల్లో ఏ కబురు ఏ దారిలో పోవాలో జనానికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. క్షేమ సమాచారానికి కార్డు. ఇంటి గుట్టు ఉంటే ఇన్‌లాండ్ లెటర్. కోర్టు కాగితాలు, దస్తావేజులకు రిజిస్టర్ పోస్టు. ప్రాణం మీదికి వస్తే తంతి. పెళ్ళి శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పూసేవాళ్ళు. సంచిలోంచి తీయగానే చేతికి పసుపు అంటేది, చదవకుండానే అది శుభకార్యమని తెలిసిపోయేది. చావు కార్డును చాలా ఇళ్ళలో లోపలికి తీసుకుపోయేవాళ్ళు కాదు. వాకిట్లోనే చదివి చించేసేవాళ్ళు. మిగతా కార్డులన్నీ దూలానికి వేలాడే ఇనుప తీగకు గుచ్చి ఉండేవి. ఆ తీగ చూస్తే ఆ ఇంటికి ఎన్ని ఊళ్ళతో బంధుత్వముందో తెలిసేది.

రైల్లో సార్టింగ్ ఎట్లా ఉండేదంటే, కదిలే డబ్బాలో గోడ పొడుగునా చెక్క గూళ్ళు, ఒక్కో గూటికి ఒక్కో ఊరు. రాత్రంతా నిలబడే ఉత్తరాలు ఆ గూళ్ళలోకి వేసేవాళ్ళం. కట్ట కట్టి, సంచిలో పెట్టి, మూతికి లక్క ముద్ర వేసి, వచ్చే స్టేషన్‌లో దించాలి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. అంతకుముందు "కొత్తపల్లి" అని ఒక్క మాట రాసి పంపితే మా తల ప్రాణం తోకకొచ్చేది. కొత్తపల్లి లేని జిల్లా ఉందా? పిన్‌లో మొదటి మూడంకెలు చూస్తే చాలు, 515 అనంతపురం, 516 కడప, 518 కర్నూలు. ఊరి పేరు ఎంత గజిబిజిగా రాసినా సంచి సరైన జిల్లాకు పోయేది.

ఇక తంతి. మాటకింత అని డబ్బు కాబట్టి జనం మాటలు పిసినారిగా వాడేవాళ్ళు. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ." మనిషి అప్పటికే పోయినా సరే, "సీరియస్" అనే ఇచ్చేవాళ్ళు. దూరాన ఉన్న కొడుకు ప్రయాణంలో కుప్పకూలకూడదని. అందుకే తంతి అబ్బాయి సైకిల్ బెల్లు వినిపిస్తే కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. అందులో ఉన్నది ఉద్యోగం వచ్చిన వార్త అయినా సరే. ఆ సేవ 2013 జూలైలో ఆగిపోయింది.

పెన్నేటిగట్టు బాబుకు నేను చెప్పేదొకటి. పల్లెల్లో చదువు రాని ఇంటికి కార్డు ఇచ్చినప్పుడు పోస్ట్‌మాన్ చదివి వినిపించేవాడు. చెడు కబురైతే నేరుగా చదివేవాడు కాదు. ముందు "ఇంట్లో మగోళ్ళు ఉన్నారా? పక్కింటి అక్కను పిలువమ్మా" అనేవాడు. తర్వాతే విషయం. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? అదే నా బాధ.


చీనీతోట · నార్పల · ఆదివారం 10:20

సార్, దండాలు. మా నాయన దగ్గర ఆ ఇనుప తీగ ఇంకా ఉంది. కార్డులన్నీ మండీ వాళ్ళవే, కాయల పట్టీలు, అంటే అమ్మకం లెక్కలు.


రాజంపేట_ఆడపడుచు · ఆదివారం 11:30

మా అమ్మ కువైట్‌లో ఇంటి పనికి పోయినప్పుడు నేను బడిలో ఉన్నాను. మా వైపు ఊరూరా ఇదే కథ కాబట్టి చాలామందికి తెలిసే ఉంటుంది. అమ్మకు చదవడం, రాయడం రాదు. ఉత్తరం రాయాలంటే ఇంకొకరికి చెప్పి రాయించుకోవాలి. ఇంకొకరు రాస్తున్నారంటే మనసులో మాట చెప్పలేదు కదా. అందుకని క్యాసెట్ పంపేది. సెలవు మీద ఊరికొచ్చే వాళ్ళెవరైనా ఉంటే సబ్బులు, సెంటు సీసాలతో పాటు ఒక క్యాసెట్.

అది వచ్చిన రోజు ఇంటి నిండా జనం. టేప్‌రికార్డర్‌ను మంచం మీద పెట్టి చుట్టూ కూర్చునేవాళ్ళం. అమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేది. ఎనుము ఈనిందా, బావి నీళ్ళు ఎట్లున్నాయి, ఫలానా వాళ్ళ అప్పు తీర్చినారా అని. మధ్యలో 'టక్' మని బటన్ నొక్కిన చప్పుడు వినిపించేది. మళ్ళీ 'టక్' మని మొదలయ్యేది, గొంతు మాత్రం మారిపోయి ఉండేది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఆమె ఏడ్చిందని మా అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

జవాబు పంపేటప్పుడు మా జేజి టేప్‌రికార్డర్‌కు నోరు ఆనించి అరిచేది. కువైట్ దూరం కదా! కొత్త క్యాసెట్ కొనే స్థోమత లేక అమ్మ పంపిన దాని మీదే మా మాటలు నింపి పంపేవాళ్ళం. అట్లా అమ్మ గొంతు చాలావరకు చెరిగిపోయింది. ఇప్పుడు ఒక్క క్యాసెట్ మిగిలింది. అందులో జేజి గొంతు కూడా ఉంది. ఆమె ఇప్పుడు లేదు. పెట్టి వినాలని ఉంది, రీలు తెగుతుందేమోనని భయం. ఇందులో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

హిందూపురం తమ్ముడూ, నువ్వు చెప్పింది నాకు అర్థమవుతుంది. ఈరోజు మా చెల్లెలు అదే కువైట్ నుంచి తన పిల్లలతో రోజూ వీడియోలో మాట్లాడుతుంది. పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు మా అమ్మకు ఈ భాగ్యం ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.


కదిరి_మల్లెలు · ఆదివారం మధ్యాహ్నం 12:15

అక్కా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా నాయనది ఎస్టీడీ బూత్. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెల మీటర్, బిల్లు కొట్టే చిన్న ప్రింటర్. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు మా బూత్ ముందు తిరునాళ్ళలా ఉండేది. కువైట్, సౌదీ టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ముందు వాళ్ళు ఫోన్ చేసి "మా అమ్మను పిలిపించండి, మళ్ళీ చేస్తా" అనేవాళ్ళు. నేను సైకిల్ మీద పోయి పిలుచుకొచ్చేవాణ్ణి. ఫోన్ మళ్ళీ మోగేదాకా ఆ తల్లి బెంచీ మీద కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చునేది. మన వైపు నుంచి చేయాలంటే రాత్రి 11 దాటాక చార్జీ బాగా తక్కువ. అందుకే అర్ధరాత్రి దాకా షట్టర్ తెరిచే ఉండేది.

మా నాయన ఒక నియమం పెట్టుకున్నాడు. చెడు వార్త వింటున్నారని మొహంలో తెలిస్తే మీటర్ చూపించేవాడు కాదు. బిల్లు సంగతి తర్వాత అనేవాడు. వాళ్ళను ఇంటిదాకా దిగబెట్టి రమ్మని నన్ను పంపేవాడు. గుంతకల్లు సార్ అడిగారే, పోస్ట్‌మాన్ పని ఎవరు చేస్తున్నారని? కొన్నేళ్ళు బూత్‌వాళ్ళు చేశారు సార్.


హిందూపురం_కుర్రోడు · ఆదివారం 12:40

మంచి విషయాలే కదన్నా. కానీ ఒకటి ఆలోచించండి. పోస్ట్‌మాన్ చదివేవాడు, బూత్‌లో పక్కనున్నోళ్ళు వినేవాళ్ళు. ఇంట్లో సంగతులన్నీ ఊరికి తెలిసిపోయేవి. ముఖ్యంగా ఆడవాళ్ళకు సొంతంగా ఒక మాట రాసుకునే వీలు ఎక్కడిది? ఇప్పుడు మా చెల్లి ఫోన్ మా చెల్లిదే. దానికి నేను విలువ ఇస్తా.


రాజంపేట_ఆడపడుచు · ఆదివారం 12:52

ఈ మాట నూటికి నూరుపాళ్ళు నిజం తమ్ముడూ.


ఎర్రగుడి_బాట · పత్తికొండ · ఆదివారం 3:05

చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. మన సీమలో ఈ చర్చకు 2,200 ఏళ్ళకు పైబడిన మూలం ఉంది.

గుత్తి, పత్తికొండ మధ్య జొన్నగిరి దగ్గర ఎర్రగుడి ఉంది. అక్కడి గుట్ట మీద బండలపై అశోకుడి శాసనాలు చెక్కి ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటివి. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా లోకానికి తెలియలేదు. లఘు శాసనంలో కొంత భాగం చెక్కిన తీరు చాలా అరుదైనది. ఒక వరుస ఎడమ నుంచి కుడికి పోతే, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు వస్తుంది. మడక మలుపుకున్నట్టు.

అందులో రాజు చెప్పింది తల్లిదండ్రుల మాట వినమని, పెద్దలను గౌరవించమని, ప్రాణుల మీద దయ చూపమని, సత్యం పలకమని. ఇదంతా బండ మీద చెక్కించి ఆయన ఊరుకోలేదు. రజ్జుకుడనే అధికారికి ఆజ్ఞ ఇవ్వండి, అతను భేరి మోగించి జానపదులకు, అంటే పల్లె జనానికి, ఈ మాట చెప్పాలి అని ఆ శాసనంలోనే ఉంది. చదవగలిగేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళకు చెవిన వేయాలి. ఆ ఆలోచన రాతలోనే చేర్చి పంపించాడు.

మన పల్లెల్లో తప్పెట కొట్టి చాటింపు వేయడం నా చిన్నప్పటిదాకా ఉండింది. "రేపు పొద్దున రచ్చబండ కాడ కూలి లెక్కలు, అందరూ రావాల" అని నాలుగు వీధుల కూడలిలో ఆగి ఆగి చెప్పేవాడు. ఎవరైనా రెండోసారి అడిగితే రెండోసారీ చెప్పేవాడు. జమ్మలమడుగు సోదరుడు రాసిన ఘటనలో జరగనిది ఇదే. బండ మీద రాశారు, భేరి మోగించలేదు.


పెన్నేటిగట్టు · ఆదివారం 3:30

సార్, ఈ శాసనం గురించి విన్నాను కానీ అందులో భేరి మాట ఉందని తెలీదు. ఈ ఎండలు తగ్గినాక పిల్లలను తీసుకొని వస్తా.


చీనీతోట · నార్పల · ఆదివారం 5:48

మా రైతుల సంగతి చెప్తా. ఇదివరకు చీనీకాయలు (బత్తాయిలు) లారీకెక్కించి పంపితే, ఏ రేటుకు పోయిందో పట్టీ పోస్టులో వచ్చేదాకా తెలియదు. మండీ వాళ్ళు ఎంత రాస్తే అంత. ఈరోజు తోటలో ఉండగానే అనంతపురం యార్డులో టన్ను ఎంత పలికిందో, చెన్నైలో ఎంతో, ఢిల్లీలో ఎంతో ఫోన్‌కు వస్తుంది. అదీ వాయిస్‌లో. చదువు రాని రైతు కూడా చెవికి ఆనించుకొని వింటాడు. దళారి ముందు నిలబడి "నిన్న ఫలానా రేటు పోయింది కదా" అని అడగగలుగుతున్నాడు. మా నాయన తన కాలంలో అట్లా అడగలేకపోయినాడు.

కానీ పుకార్లతో చచ్చిపోతున్నాం. "రేపటి నుంచి రేటు సగానికి పడిపోతుంది" అని ఎవడో ఒక ఆడియో వదులుతాడు. అది గ్రూపు గ్రూపుకూ పాకుతుంది. మాకు టెన్షన్, కాయ పక్వానికి రాకముందే కోసేస్తాం. దాని వెనక ఎవరున్నారో ఎప్పటికీ తేలదు. 2018లో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ పోకుండా కట్టడి పెట్టారు. మంచిదే, కానీ ఐదుగురు మరో ఐదుగురికి పంపితే చాలు కదా. కార్డు మీద కనీసం పోస్టాఫీసు ముద్ర, ఊరు, తేదీ ఉండేవి. ఈ ఆడియోకు అమ్మా అబ్బా లేరు. మా గ్రూపులో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. రేటు చెప్పేవాడు ముందు తన పేరు, ఊరు, ఏ యార్డులో నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పాలి. చెప్పకపోతే తీసేస్తాం.


తుంగభద్ర_తీరం · కర్నూలు · ఆదివారం రాత్రి 7:20

నాకు పుట్టినప్పటి నుంచి వినికిడి లేదు. ఇక్కడ అందరూ వాయిస్ మెసేజ్ గొప్పదని రాస్తున్నారు. చీనీతోట అన్న చెప్పింది నిజమే, చదవలేనివాళ్ళకు అది మేలు. నా లాంటి వాళ్ళ వైపు నుంచి కూడా చెప్పాలని రాస్తున్నా.

ఫోన్ ఊరూరికీ వచ్చినప్పుడు మా బతుకులో ఏమీ మారలేదు. ఇంట్లో ఫోన్ మోగితే అందరి మొహాలూ మారేవి, నాకు ఎవరైనా తిరిగి చెప్పేదాకా ఏమీ తెలియదు. మొదట మాకు దారి తెరిచింది ఎస్సెమ్మెస్. నేను ఒక మనిషితో ఇంకొకరి సాయం లేకుండా దూరం నుంచి మాట్లాడింది అప్పుడే. ఆ తర్వాత వీడియో కాల్. 2016లో డేటా చవకయ్యాక అది మా చేతికి వచ్చింది. మా భాష చేతుల్లో, కనుబొమల్లో, మొహంలో ఉంటుంది. నాకు తెలుగు రాయడం వచ్చు, కానీ సంజ్ఞా భాషలో ఆలోచించినంత తేలిగ్గా రాదు. ఇప్పుడు ఆదోనిలో ఉన్న స్నేహితుడితో ఫోన్‌ను గ్లాసుకు ఆనించి పెట్టి రెండు చేతులతో గంటసేపు మాట్లాడతా. వెలుతురు వెనక నుంచి పడితే చేతులు నల్లగా కనిపిస్తాయి. అందుకే మా ఇళ్ళలో ఏ గోడకు ఎదురుగా కూర్చోవాలో అందరికీ తెలుసు.

ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. వాళ్ళు తయారుచేసిన నిఘంటువులో 2021 నాటికి 10,000 పదాలు చేరాయి. వీడియోల రూపంలో ఉంటుంది, ఎవరైనా చూసి నేర్చుకోవచ్చు. మీ బంధువుల్లో వినలేని బిడ్డ ఉంటే దయచేసి కొన్ని సంజ్ఞలైనా నేర్చుకోండి. ఇంకో విన్నపం. కుటుంబం గ్రూపులో వాయిస్ పెట్టినప్పుడు దాని కింద రెండు ముక్కలు రాయండి. మా తాత ఆసుపత్రిలో చేరిన సంగతి ఒక వాయిస్‌లో ఉండింది. నేను సాయంత్రం దాకా దాన్ని చూస్తూనే ఉన్నా, లోపల ఏముందో తెలియకుండా.


కదిరి_మల్లెలు · ఆదివారం 7:41

ఈరోజే మా ఇంటి గ్రూపులో ఈ మాట చెప్తాను.


కొండారెడ్డి_బురుజు · కర్నూలు · ఆదివారం 9:10

మా ఊరివాళ్ళే రాశారు కాబట్టి 2009 అక్టోబర్ 2 గుర్తు చేస్తా. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. కరెంటు పోయింది. సెల్ సిగ్నల్ పోయింది, ఉన్న ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. ల్యాండ్‌లైన్ మూగబోయింది. మా వీధివాళ్ళందరం మిద్దెల మీద. ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకు కేకలు వేసి, ఎవరెక్కడున్నారో కనుక్కున్నాం. ఒక ఇంట్లో బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ ఉండింది. వార్తల టైముకు అందరూ మాటలాపి ఆ మిద్దె వైపు తిరిగేవాళ్ళు. ఆయన విని, ఎత్తైన గొంతుతో మాకు చెప్పేవాడు.

ప్రతి ఇంట్లో ఒక చిన్న బ్యాటరీ రేడియో, గోడ మీద పెన్నుతో రాసిన పది ఫోన్ నంబర్లు ఉండాలని ఆ రోజు నుంచి నా పట్టుదల. ఈరోజు మన భార్య నంబరు కూడా మనకు నోటికి రాదు.


వేమన_బాటసారి · కడప · సోమవారం ఉదయం 6:50

కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. ఎస్సెమ్మెస్ గురించి తుంగభద్ర అన్న రాశారు కదా, ఒక విషయం చేరుస్తా. అప్పట్లో మనవాళ్ళంతా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో ఎందుకు కొట్టేవాళ్ళు? ఫోన్లలో తెలుగు లేకపోవడం ఒక కారణం. ఉన్నా ఇంకో చిక్కు ఉంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు ఒక్కోదానికి 16 బిట్లు, అంటే 70 మాత్రమే. అందులోనూ మనకు గుణింతం, వత్తు విడివిడిగా లెక్క. "క్షేమం" అనే రెండక్షరాల మాటకే ఆరు పోతాయి. తెలుగులో రాసేవాడు ఒకే కబురుకు రెండు మూడు మెసేజ్‌ల డబ్బు కట్టాలి. వాట్సాప్ లాంటివి వచ్చాక ఈ లెక్క పోయింది. మా అమ్మ ఇప్పుడు తెలుగులోనే పేజీలకు పేజీలు రాస్తుంది, నాకు అది చాలా సంతోషం.


ధర్మవరం_మగ్గం · సోమవారం 8:25

మా చీరల వ్యాపారమంతా ఫోన్‌లోనే. బుటా (చీర మీది పువ్వు డిజైన్) ఫొటో తీసి పంపితే బెంగుళూరు నుంచి ఆర్డర్ వస్తుంది. అది సరే. పెన్నేటిగట్టు అన్న అడిగిన దానికి మా బంధువుల్లో చేసుకున్న ఏర్పాటు చెప్తా, పనికొస్తుందేమో చూడండి.

ఊరికొక మనిషిని ఎంచుకున్నాం. చావు కబురైతే ఇంటివాళ్ళు గ్రూపులో పెట్టడంతో పాటు ఆ మనుషులకు ఫోన్ చేసి మాట్లాడాలి. ఆ ఊళ్ళో ఫోన్ లేనివాళ్ళు, బటన్ ఫోన్ వాళ్ళు, చెవులు వినపడని పెద్దవాళ్ళు ఎవరో ఆ మనిషికి తెలిసి ఉండాలి. నడిచి పోయి చెప్పాలి. చెప్పాక ఇంటివాళ్ళకు తిరిగి ఫోన్ చేసి "చెప్పినా" అనాలి. ఆ తిరుగు ఫోన్ రాని ఊరికి మళ్ళీ చేస్తాం. దీనికి మా మేనత్త పెద్ద. ఆమె నోట్‌బుక్‌లో ఊరూరి పేర్లున్నాయి.


గుంతకల్లు_జంక్షన్ · సోమవారం 9:02

చాలా బాగుంది నాయనా. రిజిస్టర్ పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు ఉండేది, అందినట్టు సంతకంతో తిరిగొచ్చేది. మీ మేనత్త చేస్తున్నది అదే. రెండు నీలి టిక్కులు చూసి కబురు అందిందనుకోవద్దు. ఫోన్ మనవడి చేతిలో ఉండొచ్చు.


హిందూపురం_కుర్రోడు · సోమవారం 9:30

దీనికి నేనూ ఒప్పుకుంటున్నా. మా బంధువుల్లో ఊరికొకరిని రాసే పని నేను తీసుకుంటా. గ్రూపు మాత్రం ఉండాల్సిందే!


రేడియో_మిత్రుడు · ప్రొద్దుటూరు · సోమవారం 10:15

రాజంపేట అక్కకు. పాత టేప్‌రికార్డర్లు, రేడియోలు బాగు చేయడం నా పని. మీ క్యాసెట్ ఇప్పుడే ఏ మెషిన్‌లోనూ పెట్టొద్దు. ముందు వెలుతురులో పట్టుకుని క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి రీలు చూడండి. తెల్లటి పొడిలా ఉంటే బూజు, దాన్ని నడపకూడదు. శుభ్రంగా ఉంటే, రీలు మధ్యలో నొక్కే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయిందేమో చూడండి. పాత క్యాసెట్లలో తరచూ ఊడేది అదే. పై డొప్ప పాడైతే రీలును వేరే మంచి క్యాసెట్ డొప్పలోకి మార్చొచ్చు, మాట చెడదు. పెన్సిల్‌తో నెమ్మదిగా తిప్పి, వదులుగా ఉన్న చోట బిగించండి. తర్వాత హెడ్డు తుడిచిన మంచి డెక్‌లో ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి చుట్టాలి. అప్పుడు ప్లే చేయాలి, మొదటిసారి ప్లే చేసేటప్పుడే కంప్యూటర్‌లోకి రికార్డు చేయాలి. రికార్డ్ బటన్ పొరపాటున నొక్కుకోకుండా క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ముందే విరిచేయండి. మీ జేజి గొంతు ఉన్న ఫైల్‌ను డబ్ల్యూఏవీలో (నాణ్యత తగ్గని ఆడియో ఫైల్ రకం) రెండు చోట్ల దాచి, కువైట్‌లో ఉన్న చెల్లెలికి ఎంపీ3 పంపండి. చేయించుకునే వీలు లేకపోతే క్యాసెట్ తీసుకొని ప్రొద్దుటూరుకు రండి, మీ ఎదురుగానే చేసిస్తాను. డబ్బులు వద్దు.